పిడికెడు కరెంటు

రెంటచింతలలో ఇప్పుడు ప్రతి ఇంటి గోడా మాట్లాడుతుంది. "ఎండ ముదిరిందండీ, కరెంటు అప్పివ్వమంటారా?" అని కరెంటు కంపెనీ తరఫున మర్యాదగా అడుగుతుంది. వీధంతా ఊ కొట్టేది. మా అత్తగారు నాంచారమ్మ మాత్రం "వద్దు పో" అనేవారు. వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి దాచినట్టే, డాబా మీది ఎండ కరెంటులో రోజూ కాస్త బ్యాటరీలో దాచేవారు. నేను నవ్వేదాన్ని.

రోహిణి కార్తెలో కంపెనీ దగ్గరే కరెంటు నిండుకుంది. వీధంతా ఉడికిపోయింది. మా ఫ్యాను మాత్రం ఆగలేదు. పక్కింటి బాలింత బిడ్డతో సహా మా హాల్లోకి వచ్చేసింది.

మధ్యాహ్నం గోడ గొంతు సవరించుకుంది. "అమ్మా, ఆస్పత్రికి కరెంటు చాలడం లేదు. మీరేమైనా అప్పిస్తారా?"

"అప్పులు ఇచ్చిపుచ్చుకోవడం మా ఇంటావంటా లేదు," అన్నారు అత్తగారు. "చంటిదాని ఫ్యానుకు ఉంచి, మిగతాది ఊరికే పట్టుకుపో."