కాలువ వైపు గోడ

ఏలూరు కాలువ గట్టు మీది పాత సత్రం బాగుచేయాలంటే సున్నమే వాడాలి, సిమెంటు తగలకూడదని మునిసిపాలిటీ ఆర్డరు. ఆ గోడలకు మొదట సున్నం పూసింది మేస్త్రీ మునీర్ వాళ్ళ తాత. అందుకే పని మునీర్‌కే ఇచ్చారు.

చీకటిపడే వేళ ఇంజనీరు గోడ నిమిరి చూశాడు. "సిమెంటు కలపలేదు కదండీ?"

"మా తాత చెయ్యి పడ్డ గోడండీ ఇది. అలాంటి పని చేస్తానాండీ?" అన్నాడు మునీర్, రొమ్ము విరుచుకుని.

ఇంజనీరు వెళ్ళిపోయాక సెల్‌ఫోన్ టార్చి వేసి, అద్దంలా మెరుస్తున్న గోడను చూసుకుంటూ కూర్చున్నాడు. ఏలూరు మొత్తంలో ఈ పనితనం ఇంకెవరికుంది?

గోడకు అవతల టక్కుమంది.

తాత బతికుండగా, పని పూర్తయ్యాక గులకరాయితో గోడ పొడవునా తట్టుకుంటూ నడిచేవాడు. తప్పున్న చోట ఆగేవాడు. ఇప్పుడూ ఆ చప్పుడు గుమ్మం దగ్గర మొదలై ఎక్కడా ఆగకుండా సాగింది. మునీర్ మనసు పొంగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, గోడకు అవతల నిలబడే చోటే లేదు. నిండు కాలువ.

చప్పుడు మూలకు చేరి ఆగింది. వానకు సున్నం ఆరడం లేదని అతను సిమెంటు కలిపిన మూల అది.

"గుప్పెడే, తాతా," అన్నాడు మునీర్.

మళ్ళీ టక్కుమంది. అదే చోట. ఈసారి గోడకు ఇవతల.