గట్టి నేల మీద

గుర్రం పిల్ల నిలబడలేకపోయింది.

లేవబోయిన ప్రతిసారీ ముందరి కాళ్లు గిట్టల పైన లోపలికి మడుచుకుపోయి కూలబడుతోంది. తల్లి పొదుగు జానెడు దూరంలో ఉన్నా మూతికి అందడం లేదు.

తిరుపతమ్మ దాన్ని ఎత్తి నిలబెట్టబోయింది. మళ్లీ కూలబడింది.

తెలుగు సరిహద్దు అవతల, దోర్నపాల్‌లో రోడ్డు పక్కన ఆమెది రేకుల ఇల్లు. మొగుడు పోయాక ఆ ఆడగుర్రమే ఆధారం. పెళ్లిళ్ల రోజుల్లో పెళ్లికొడుకు ఊరేగే బరాత్‌లకు తిప్పుతుంది. నిరుడు వానాకాలం బజారులో కొన్నప్పుడే అది చూలుతో ఉంది.

"అవిటిది పుట్టింది. అడవిల వదిలెయ్" అంది పక్కింటి జోగి.

తిరుపతమ్మకు చేతులు రాలేదు. పశువుల డాక్టరుకు కబురు చేసింది.

డాక్టరు సుధారాణి వచ్చి పిల్ల కాళ్లు నెమ్మదిగా చాపి చూసింది. గనుల ఊరు కిరందుల్‌లో పెరిగిన తెలుగమ్మాయి.

"ఇది అవిటితనం కాదమ్మా. కండను ఎముకకు కట్టి ఉంచే తాళ్లు ఉంటాయి. కడుపులో ఎముకలతో సమంగా అవి పెరగలేదు. కురచైపోయాయి."

"బతుకుతదా మేడం?"

"బతుకుతుంది. ఆ తాళ్లలోని కణాలు ఇంకా పసివి. మెల్లమెల్లగా సాగదీస్తే మాట వింటాయి. ఆలస్యం చేస్తే మొండికేస్తాయి. నేను ఇంజెక్షన్ ఇస్తాను. పైపు ముక్క నిలువునా చీల్చి, లోపల దూది పరిచి కాళ్లకు కట్టాలి. పుండ్లు పడకుండా మాటిమాటికీ విప్పి చూడాలి. ఎత్తిపట్టి పాలు తాగించాలి. ఒక్కదానివే చేయగలవా?"

వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"నేను చేస్త."

ఇద్దరూ తిరిగి చూశారు. కంచె దగ్గర ఒక ముసలాయన. భుజాన గుడ్డ సంచి. అప్పుడే కోంటా బస్సు దిగినట్టున్నాడు.

"ఎవరయ్యా నువ్వు?" అడిగింది తిరుపతమ్మ.

"గుర్రాలు పెంచినోణ్ణి తల్లీ."

"ఏ ఊరు?"

"గోదారి దిక్కు."

అంతకుమించి చెప్పలేదు. నేరుగా తల్లిగుర్రం దగ్గరికి వెళ్లాడు. కొత్తవాళ్లు పక్కకు వస్తే తన్నే గుర్రం అది. ఆ పూట కదలలేదు.

ఆ రోజు నుంచి అతను అక్కడే ఉండిపోయాడు. టీ కొట్టు బల్ల మీద పడుకునేవాడు. పిల్లను చంటిబిడ్డలా చేతుల మీద ఎత్తి పొదుగుకు పట్టించేవాడు. కట్టు విప్పి, కాలును అరచేతిలోకి తీసుకుని ఓపిగ్గా చాపేవాడు. పిల్ల మూలిగితే ఆపేసేవాడు. మళ్లీ మొదలుపెట్టేవాడు. డాక్టరు వచ్చినప్పుడల్లా ఒకటే మాట.

"బాగుంది పెద్దాయనా. ఇలాగే కానివ్వండి."

తిరుపతమ్మకు మాత్రం మనసు కుదుటపడలేదు.

"కూలి అడగడు. వచ్చిన పనేందో చెప్పడు. ఊరికే ఎవరన్న ఇంత చేస్తరా?" అంది జోగితో.

"ఏంది, ఇంకా అర్థం కాలేదా? గుర్రం మీద కన్నేసిండు. ఒక పొద్దున మాయమైతది, చూస్కో."

ఆ రాత్రి తిరుపతమ్మ రెండుసార్లు లేచి కట్టుకొయ్య దగ్గర గుర్రాన్ని చూసొచ్చింది.

ఇప్పపూలు రాలే రోజులు. ఒక ఉదయం తిరుపతమ్మ బోరింగు నుంచి నీళ్లు తెచ్చేసరికి కట్టుకొయ్య ఖాళీగా ఉంది. దూరంగా రోడ్డు మీద ముసలాయన గుర్రం పగ్గం పట్టుకుని పోతున్నాడు.

బిందె వదిలేసి పరుగెత్తింది.

"దొంగ! పట్టుకోండ్రి!"

టీ కొట్టు దగ్గరి మనుషులు చుట్టుముట్టారు. ఎవరో అతని కాలరు పట్టుకున్నారు. తిరుపతమ్మ పగ్గం లాక్కుంది.

"ముసలోడివని నమ్మితే ఇదా నువ్వు చేసేది? నా గుర్రాన్నే ఎత్తుకపోదామనుకున్నవా? మళ్ల ఈ గడపల కనపడకు!"

'నా గుర్రం' అన్నప్పుడు అతను ఒక్కసారి గుర్రం వైపు చూశాడు. తరువాత ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"పిల్లను గట్టి నేల మీద నడిపియ్యి తల్లీ. ఇసకల వద్దు" అన్నాడు.

సంచి భుజాన వేసుకుని, అప్పుడే వచ్చిన కోంటా బస్సు ఎక్కాడు.

బస్సు దుమ్ము తగ్గాక తిరుపతమ్మ వెనక్కి చూసింది. తల్లిగుర్రం వెనకాల పిల్ల నిలబడి ఉంది. కాళ్లకు కట్లు లేవు. గిట్టలు నేలకు సమంగా ఆనుతున్నాయి.

తల్లి ముందు నడిస్తే పిల్ల వెంట నడుస్తుందని అతను పగ్గం విప్పాడు. అంతే.

"అయ్యా, ఆగు!" అంటూ బస్సు వెంట పడింది. బస్సు ఆగలేదు.

ఆ ఎండాకాలం కోంటాలో ఒక పెళ్లి. తిరుపతమ్మ గుర్రాన్ని ముస్తాబు చేసి తీసుకెళ్లింది. పక్కనే పిల్ల తిన్నని కాళ్లతో చెంగుచెంగున గంతులేస్తోంది. పెళ్లివారి పిల్లలంతా దాని వెనకే.

బ్యాండు మేస్త్రి సునీల్ బాకా దించి, గుర్రాన్ని ఎగాదిగా చూశాడు.

"అక్కా, ఈ గుర్రం అచ్చం మా బాబాయి గుర్రం లెక్కనే ఉంది!"

ఫోన్ తీసి ఫొటో చూపించాడు. తిరుపతమ్మ ఫొటోలోని గుర్రాన్ని చూడలేదు. దాని మెడ మీద చెయ్యేసి నవ్వుతున్న మనిషినే చూసింది.

"ఈయన... ఈయన ఏడుంటడు తమ్మీ?"

"చర్ల. భూషణం బాబాయి. నీకెట్ల తెలుసు?"

"నా గుర్రం పిల్లకు కాళ్లిచ్చిన మనిషి. నేను నోరు పారేసుకుని ఎల్లగొట్టిన. రేపే పోయి ఆయన కాళ్లు మొక్కుత. పిల్లను చూపిస్త."

సునీల్ గంతులేస్తున్న పిల్లను, దాని తల్లిని మార్చి మార్చి చూశాడు.

"పోయినేడు బాబాయి ఇంటి నుంచి చూలు గుర్రాన్ని ఎవరో ఎత్తుకపోయిండ్రు అక్కా. అసుంటిదే దోర్నపాల్‌ల ఉందని విని, నేనే ఆయనను తోలిన" అన్నాడు మెల్లగా. "తిరిగొచ్చి, 'నేను పోయి చూసినరా, అది మనది కాదు, ఆ తల్లిదే' అన్నడు."