వేలి వెనక అక్షరం

"అక్షరం చిక్కిపోయిందమ్మా," అన్నాడు పెద్దాయన.

కంటి ఆసుపత్రి వసారాలో, గోడకున్న అక్షరాల పటానికి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి ఉన్నాడు. మూడో వరుస మీద బొటనవేలు అడ్డంగా ఆనించాడు.

ఆమెకు నవ్వొచ్చింది. ఈ పటాలు గీసి అచ్చువేసే ప్రోగ్రాం రాసింది తనే మరి.

"కంప్యూటరు గీసిందండీ. వెంట్రుకవాసి తేడా కూడా రాదు."

"ఇది నా వేలు దాటి కనబడాలి. ఇప్పుడు వేలి వెనక దాక్కుంటోంది."

"వేలు లావెక్కిందేమో చూసుకోండి!"

"ఈ వయసులో లావెక్కే భాగ్యం కూడానా తల్లీ!" అని పెద్దాయన కూడా నవ్వేశాడు.

ఇంకా ఏదో చెప్పబోయాడు. ఆమె వినలేదు. లోపలి గదిలో అలాంటి పటం ముందే అన్నయ్యకు చూపు పరీక్ష జరుగుతోంది. అన్నయ్య బస్సు డ్రైవరు.

కాసేపటికి అన్నయ్య గోడ పట్టుకుని బయటికొచ్చాడు. కళ్లలో మందు చుక్కలు.

"చివరి వరుస చీమలబారులా ఉందే చెల్లీ. తప్పాను."

"వాళ్లు మళ్లీ పరీక్ష చేయరా?"

"వారం తర్వాత ఒక్కసారి చూస్తారట. అదీ తప్పితే ఇక స్టీరింగు ముట్టుకోనివ్వరు."

ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. మందు వేయించుకున్నవాళ్లంతా కళ్లు మూసుకుని ఉన్నారు. తెల్ల పరదాలు మెల్లగా ఊగుతున్నాయి. ఆమెకూ కునుకు పట్టింది.

కలలో అక్షరాలు ఒక్కొక్కటే పటం దిగి వచ్చాయి. దాగుడుమూతలాడే పిల్లల్లా కిసుక్కుమంటూ పెద్దాయన బొటనవేలి వెనక దాక్కున్నాయి.

మెలకువ వచ్చేసరికి పెద్దాయన లేడు. ఆయన అన్న మాట మళ్లీ గుర్తొచ్చింది. నర్సును స్కేలు అడిగి, మూడో వరుస కొలిచింది.

ముప్పై మిల్లీమీటర్లు ఉండాల్సిన అక్షరం ఇరవై అయిదే ఉంది!

ఆమె ఆఫీసు ప్రింటరు అంగుళానికి ఆరువందల చుక్కలు వేస్తుంది. ఆ అంకెనే ప్రోగ్రాంలో పాతేసింది. ఆసుపత్రి ప్రింటరుది ఏడువందల ఇరవై. అవే చుక్కలు ఇక్కడ ఇరుకిరుగ్గా పడి, అక్షరం కుంచించుకుపోయింది. గీసే ముందు "నీకు అంగుళానికెన్ని చుక్కలు?" అని ప్రింటరును ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

ఎంతమందికి లేని చూపుదోషం అంటగట్టిందో! సిగ్గుతో ఆమె తల వాలిపోయింది.

ఆ సాయంత్రమే ప్రోగ్రాం సరిచేసింది. పటాలన్నీ మార్పించింది. తప్పు పటాలతో పరీక్ష చేయించుకున్న వాళ్లందరినీ మళ్లీ పిలిపించమని డాక్టరును బతిమాలింది.

వారం తిరిగింది. అన్నయ్య చివరి వరుసను గడగడా చదివేశాడు.

ఆమె వసారాలోకి పరుగెత్తింది. పెద్దాయన కనబడలేదు.

"పోయిన వారం ఈ పటం దగ్గర నిలబడి ఉన్నారే, ఆయనేరీ?" అని నర్సును అడిగింది.

"చూపు పూర్తిగా పోయింది పాపం," అంది నర్సు. "నిన్ననే కూతురొచ్చి తీసుకెళ్లిపోయింది. ఏ ఊరో తెలీదు."

"ఇంతకీ ఎవరాయన?"

నర్సు బీరువా వెనక నుంచి పాత రేకు పటం ఒకటి లాగి, దుమ్ము తుడిచింది. నల్లరంగుతో చేత్తో రాసిన అక్షరాలు. మూలన ఆరిపోయిన రంగులో ఒక బొటనవేలి ముద్ర.

ఆమె మూడో వరుస మీద స్కేలు పెట్టింది. సరిగ్గా ముప్పై.

"నలభై ఏళ్లు మా పటాలన్నీ ఆయనే రాశాడమ్మా. మీ ప్రోగ్రాం వచ్చిన రోజున, ఇక రావద్దని చెప్పేశాం."