తారుమారైన తీపి

"మీ బంగాళాదుంపలు తియ్యగా ఉన్నాయండీ," అంది హాస్టల్ వార్డెన్. అది మెచ్చుకోలు కాదు, ఫిర్యాదు. "చిలగడదుంపలేమో చప్పగా ఉన్నాయి. ఎంత ఉడికించినా నడిమధ్యన రాయిలా మిగులుతోంది."

వ్యాపారి నవ్వబోయి ఆగాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ రెండు రకాలే అమ్ముతున్నాడు కాబట్టి బజారులో అందరికీ ఆయన దుంపలాయనే. ఎదుటి మనిషి ఎంత కొంటాడో, ఎంతసేపు గీసి గీసి బేరమాడతాడో నడక చూసి చెప్పగలడు. అలాంటి కంటికి వార్డెన్ మాటలో మోసం కనబడలేదు. అదే ఆయనకి అంతుపట్టలేదు.

"రెండూ తారుమారు చేసి చెబుతున్నారేమో మేడమ్."

"నాలుగు వందల మంది పిల్లలు తారుమారుగా తింటారా? వేపుడు చేస్తే ముక్క ఉడక్కముందే నల్లగా మాడిపోతోంది. శనివారం దాకా చూస్తాను. ఆపైన మా దారి మేం చూసుకుంటాం."

హాస్టల్ వాడుక పోతే కొట్టు సగం మూసుకున్నట్టే. ఆరు నెలల కిందట కొట్టు వెనక కోల్డ్‌రూము కట్టించింది కూడా ఆ వాడుకని నమ్ముకునే. బజారు మొత్తానికి అలాంటిది అదొక్కటే. వచ్చినవాళ్లందరికీ తలుపు తీసి, "చెయ్యి పెట్టి చూడండి, ఎంత చల్లగా ఉందో!" అనేవాడు.

సరుకులో లోపం లేదు, వండే చేతిలోనే ఉంది అని లెక్క తేల్చుకుని ఇంటికి వెళ్లి పరీక్ష పెట్టాడు.

భార్య ఇంట్లో ఉన్న బంగాళాదుంపల్ని సన్నగా తరిగి వేయించింది. బంగారు రంగు తిరిగి కరకరలాడాయి. ఒక చిలగడదుంపని తొక్కతోనే నిప్పుల మీద కాల్చి, చీల్చి, ఉప్పూ మిరియాలపొడీ చల్లింది. ఇంకోదాన్ని చక్రాలుగా కోసి పెనం మీద వెన్నతో ఎర్రగా కాల్చింది. దుంపలాయన కంచం ఖాళీ చేసేదాకా తల ఎత్తలేదు.

"చూశావా, ఇదీ మన సరుకంటే!"

"మరే, మన సరుకే," అంది ఆవిడ ఇంకో చక్రం వడ్డిస్తూ.

"బంగాళాదుంప మంచి బుద్ధిమంతురాలే. ఉప్పేస్తే ఉప్పన, కారమేస్తే కారం. ఎట్లా చెబితే అట్లా వింటుంది. ఈ చిలగడదుంప ఉంది చూడు, ఏం వేసినా దాని తీపి దానిదే."

"నన్ను ఏ దుంప కింద జమకట్టారో ఇన్నాళ్లూ," అంది ఆవిడ.

దుంపలాయన పకపకా నవ్వి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు వార్డెన్‌నీ హాస్టల్ వంటాయన్నీ కొట్టుకి పిలిపించాడు. గుమ్మంలో పొయ్యి వెలిగించి, కోల్డ్‌రూము నుంచి బస్తా తెప్పించి, భార్య చేతే వండించాడు. అదే పెనం, అదే నూనె, అదే చెయ్యి. బంగాళాదుంప ముక్కలు చూస్తుండగానే బొగ్గులయ్యాయి. ఉడికిన చిలగడదుంపని వార్డెన్ చెంచాతో నొక్కితే, అది కంచం దాటి దూకింది.

వంటాయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. వార్డెన్ మాత్రం దుంపలాయన భార్య వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది.

దుంపలాయన భార్య వైపు తిరిగాడు. నిన్న లేని రోగం ఇవాళ ఎక్కడినుంచి వచ్చింది?

"ఏమైనా తేడాగా చేశావా?"

"నా చెయ్యి నిన్నటిదేగా!"

"మరి?"

"ఆ గది కట్టించేరోజే చెప్పాను. చలికి బంగాళాదుంప తియ్యబడుతుంది, చిలగడదుంప మొద్దుబారుతుంది. వాటికి గాలి తగలాలండీ."

"చల్లగా పెడితే పాలు పాడవుతున్నాయా? చేపలు పాడవుతున్నాయా?"

"దుంప ఊపిరి పీలుస్తుంది అనేవాడు మా నాన్న."

"మీ నాన్న రెండు గంపలు ముందేసుకుని అమ్మాడు. నేను కొట్టు నడుపుతున్నాను. నీకేం తెలుసు, ఇంటికి పద!"

ఆవిడ పెనం కడిగి, తుడిచి, చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. దుంపలాయన ఆ పూటంతా నూనెని అనుమానించాడు. తర్వాత నీళ్లని. ఆ తర్వాత లారీవాణ్ణి.

శనివారం వార్డెన్ తోపుడుబండి వెంటబెట్టుకుని కొట్టు ముందు ఆగింది. దుంపలాయన ఎదురెళ్లాడు.

"సరుకు తియ్యమంటారా మేడమ్?"

"వద్దండీ. వేరేచోట కుదిరింది. మొన్న మీ దగ్గర్నుంచి వెళ్లాకే మాట్లాడుకున్నాం."

"ఎవరు? మూలకొట్టు వాడేనా?"

"చెప్పొద్దన్నారు. మీకు దించే లారీ దగ్గరే కొంటారట. గాలి ఆడే గదిలో గడ్డి పరిచి ఆరబెడతారు. ఇది వేపుడుకి, ఇది కాల్చుకోవడానికి అని చీటీ కూడా పెడతారు. ఆరు నెలలుగా చిల్లరగా అమ్ముతున్నారట, మాకే ఇన్నాళ్లూ తెలియలేదు."

నమస్కారం పెట్టి ఆవిడ హాస్టల్ వైపు వెళ్లింది. బండి మాత్రం రెండోవైపు తిరిగింది.

తన లారీ దగ్గరే కొని తన వాడుకనే తన్నుకుపోయిన మొనగాడెవడో చూడకపోతే దుంపలాయనకి ముద్ద దిగేలా లేదు. గల్లాపెట్టెకి తాళం వేసి బండి వెంట బయల్దేరాడు. మూలకొట్టు దగ్గర ఆగుతుందనుకున్నాడు. ఆగలేదు. టోకు అంగళ్ల దగ్గరైనా ఆగుతుందనుకున్నాడు. వాటినీ దాటింది. బజారు అయిపోయింది. ఇక కొట్లే లేని వైపు పోతోంది బండి. ఇటువైపు దుంపలు తెలిసినవాడు నేను తప్ప ఎవడున్నాడు, అని తల గోక్కుంటూ సందు మలుపు తిరిగాడు.

బండి ఆయన ఇంటి పెరటి గుమ్మం ముందు ఆగింది.