మోగని ఫోను

పొద్దుటి నుంచి త్రివేణి ఫోను ఒక్కసారీ మోగలేదు.

అంబులెన్సులను పంపే సర్వర్లను ఆమె ఆర్మూరులో ఇంటి నుంచే కనిపెట్టుకుని ఉంటుంది. ఏ సర్వర్ ఆగినా ఫోను మోగాలి. ఆ అలారం సెట్టింగులు మార్చే పనిని ఇవాళ పొద్దున్నే ఒక ప్రోగ్రాముకు అప్పజెప్పింది. జాగ్రత్తగానే రాసింది: ముందు ఒక్క సర్వర్‌లో మార్చాలి, పది నిమిషాలు అలారం రాకపోతేనే మిగతా నలభైలో మార్చాలి. అలారం రాలేదు; ప్రోగ్రాము అన్నిట్లోనూ మార్చేసింది.

“ఇయ్యాల నీ ఫోను సప్పుడే లేదు. పానం సల్లగున్నది,” అంది అత్త భూమవ్వ, వాకిట్లో పసుపు ఉడకబెడుతూ.

“అన్నీ మంచిగ నడుస్తున్నయి అత్తమ్మా.”

భూమవ్వ కడాయిలోంచి ఒక కొమ్ము తీసి పుల్లతో గుచ్చింది. దిగలేదు. “పైనికెళ్లి సూస్తె అన్నీ ఉడికినట్టే ఉంటయి. గుచ్చి సూస్తెనే ఎరుకైతది,” అంటూ మంట ఎగదోసింది.

కొత్త సెట్టింగులే అలారాన్ని మోగకుండా చేసి ఉంటే? త్రివేణి లోపలికి పరుగెత్తింది. ఎవరూ వాడని ఒక సర్వర్‌ను కావాలనే ఆపి, ఫోను వంక చూస్తూ కూర్చుంది. ఐదు నిమిషాలైనా మోగలేదు.

పాత సెట్టింగులు తిరిగి పెట్టింది. “మోగవే, జర మోగు,” అని ఫోనును బతిమాలింది.

మోగింది. తను ఆపిన సర్వరే. త్రివేణికి ఏడుపొచ్చింది.

కళ్లు తుడుచుకునేలోపే మళ్లీ మోగింది. ఈసారి మెండోర వైపు అంబులెన్సులు పంపే సర్వర్. పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఆగే ఉంది.