ఎవరూ కూర్చోని చోటు

సత్తు పళ్లెం పోయిన రోజు సౌదీలోని దమ్మామ్‌లో సైరన్ రెండుసార్లు మోగింది.

1991 ఫిబ్రవరి. ఇరాక్ క్షిపణి ఎప్పుడు ఎక్కడ పడుతుందో తెలియదు. కట్టడాల కంపెనీ క్యాంపు మెస్‌లో నలభై మంది కూలీలు అన్నం ముందు కూర్చున్నారు.

"నా పళ్లెం ఎవరు తీశారు?" వంటమనిషి జసింతో వచ్చీరాని హిందీలో అడిగాడు.

ఎవరూ తల ఎత్తలేదు.

"పిల్లి ఎత్తుకపోయిందేమో బాబా" అన్నాడు ఎల్లన్న.

పళ్లెం తీసింది సదానందం. మధ్యాహ్నమే గోడ అవతల ఇసుకలో పాతిపెట్టాడు.

జసింతోది పోర్చుగల్. ఉత్తరాన మిన్యో అనే పల్లెసీమ. అరవై ఏళ్లుంటాయి. శుక్రవారం శుక్రవారం డ్రమ్ము కోసి చేసిన పొయ్యిలో మక్కపిండి రొట్టె కాల్చేవాడు. పిండిముద్ద మీద అరచేతి అంచుతో గీత పెట్టి, ఏదో మొక్కుకుని, గుడ్డ కప్పేవాడు.

"మక్కరొట్టె తినేతందుకు ఇంత దూరం రావాల్నా? మా ఇంట్ల మక్క గట్క రోజూ ఉంటుండె" అనేవాడు ఎల్లన్న. అంటూనే రెండో ముక్క అందుకునేవాడు.

జసింతో తన ఊరి సంగతులు చెప్పేవాడు. అక్కడ ఎలుకలు ఎక్కకుండా రాతి కాళ్ల మీద గాదెలు కట్టి మక్కకంకులు దాస్తారట. కోతలయ్యాక ఊరంతా కూర్చుని కంకులు ఒలుస్తారట. ఎర్రగింజల కంకి దొరికినవాడు లేచి అందరినీ కౌగిలించుకోవాలట.

"ఆడోళ్లను గూడనా?"

"మరి దేనికి వెతుకుతారనుకున్నావు?"

రొట్టెతో ఎవరికీ పేచీ లేదు. పేచీ పళ్లెంతోనే.

క్రిస్మస్ ముందురోజు జసింతో బల్ల చివర ఒక పళ్లెం పెట్టి వడ్డించాడు. దాని ముందు ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఆ రాత్రి తమ వైపు తిన్నాక బల్ల మీది గిన్నెలు తీయరనీ, పోయినవాళ్లు వచ్చి తింటారనీ చెప్పాడు. పండుగ అయిపోయింది. పళ్లెం మాత్రం రోజూ పెడుతూనే ఉన్నాడు.

"ఒక్క రోజే అంటివి గద బాబా?"

"పరాయి దేశం కదా. దారి దొరకడం ఆలస్యమవుతుంది."

జనవరిలో యుద్ధం మొదలైంది.

"పెత్రమాసకు సచ్చిపోయిన పెద్దలకు మనం గూడ పెడ్తం" అన్నాడు ఎల్లన్న. "ఇంటి బయట పెడ్తం, కాకికి. సచ్చినోనికి మన బంతిల ఇస్తారి ఏస్తమా? పిలిచినట్టే గదా. వచ్చినోడు ఒట్టిగ పోతడా, ఎవన్నో ఒకన్ని తీస్కపోడా?"

ఆ మాట సదానందానికి అందరికంటే ఎక్కువ తగిలింది.

అతని అన్న దేవన్న నిరుడు జులైలో ఈ కంపెనీ పనిలోనే స్కాఫోల్డింగ్ మీది నుంచి పడి చనిపోయాడు. ఇంటికి పెట్టె వచ్చింది. ఎలా పోయాడో చెప్పేవాళ్లు ఎవరూ రాలేదు.

"ఆఖరుకు వాడు ఏమన్నడో కనుక్కో బిడ్డా. నాకింకేం వద్దు" అంది తల్లి అంజవ్వ.

అందుకే అక్టోబరులో అదే కంపెనీ వీసా మీద వచ్చాడు. చనిపోయినవాడి తమ్ముడని తెలిస్తే, కేసు వేస్తావేమోనని వెనక్కి పంపేస్తారని ఏజెంటు భయపెట్టాడు.

దిగిన రోజే క్యాంపు బాస్ మౌలా సాహెబ్ కొత్తవాళ్లను వరుసగా నిలబెట్టాడు. ఆయనది కడప.

"దేవన్న తాలూకోళ్లు ఎవురన్నా ఉండారా మీలో?"

పక్కన బియ్యం బస్తా మీద జసింతో కూర్చుని ఉన్నాడు. సదానందం నేల చూశాడు.

ఆ తర్వాత తానే అన్న గురించి తెలుగువాళ్లను ఒక్కొక్కరినే చాటుగా అడిగాడు. దేవన్నతో పనిచేసినవాళ్లు ఆగస్టులోనే, కువైట్ పడిపోగానే, భయపడి ఇళ్లకు వెళ్లిపోయారు. ఇప్పుడు క్షిపణులు. తల్లి అడిగింది తెలుసుకోకుండానే తానూ పెట్టెలో ఇల్లు చేరతానేమోనని అతని దిగులు.

పళ్లెం పోయిన మర్నాడు జసింతో ఇంకో పళ్లెం పెట్టాడు.

సదానందం మౌలా సాహెబ్ దగ్గరికి వెళ్లాడు.

"ఆయనను పంపియ్యి సాబ్. లేకుంటె మెస్‌ల ఒక్కడు తినడు."

"యుద్ధంలో వంటోన్ని యాడ్నించి తెచ్చేది? తెల్లోళ్లంతా ఎప్పుడో ఎల్లిపాయిరి. ఈ ముసిలాయన ఒగడే పోనని కూచున్నాడు. ఎందుకో నేనూ అడగల్యా."

సదానందం కూడా అడగలేదు. బల్ల మీద కాగితం పెట్టాడు. దాని మీద నలభై పేర్లున్నాయి. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేశారు.

నాలుగో రోజు జసింతో పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టారు. జిద్దా బస్సు ఎక్కేముందు అందరికీ రొట్టె పంచాడు. ఎల్లన్న మూడు ముక్కలు తీసుకున్నాడు. సదానందం తీసుకోలేదు.

యుద్ధం ఆగింది. నిరుడు ఆగస్టులో జిజాన్ సైటుకు వెళ్లిన డ్రైవర్ మహబూబ్ ఏప్రిల్‌లో తిరిగి వచ్చాడు. హైదరాబాదు మనిషి. సదానందం అలవాటుగా అతన్నీ పక్కకు పిలిచి అడిగాడు.

"అన్నా, దేవన్న అని ఒకాయన ఉండె. ఎరుకేనా?"

"ఎరుకేంది భాయ్, దవాఖానకు నా బండిలనే తీస్కపోయిన. రెండు దినాలు బతికిండు."

"పక్కకు ఎవలన్న ఉండిరా?"

"నాకు డ్యూటీ పడ్డది. జసింతో చాచా ఉండె. రెండు దినాలు మంచం ఇడిసిపెట్టలే. దేవన్న ఆయనకు ఏందో చెప్పి పోయిండు."

"ఏం చెప్పిండు?"

"నేనడిగితె చెప్పలే. నీకు గాదు, వాళ్లింటోళ్లకే అప్పజెప్తనని మాటిచ్చిన అన్నడు. కొత్తోళ్లు వచ్చినప్పుడల్లా అడగమని మౌలా సాబ్‌కు నా ముందల్నే చెప్పిండు. ఎవరో ఒకరు వచ్చేదాంక ఈడికెంచి కదలనని నాతోటే అన్నడు."

మహబూబ్ మెస్ వైపు చూశాడు.

"పోయి ఆయన్నే అడుగు. ఏడి, కనవడ్తలేడు?"

సదానందం ఆఫీసుకు పరుగెత్తాడు.

ఆఫీసులో జసింతో చిరునామా లేదు. పేరూ, మిన్యో అనీ రాసి వేసిన ఉత్తరం మూడు నెలలకు తిరిగి వచ్చింది.

దేవన్న చివరి మాట అంజవ్వకు ఇంకా చేరలేదు.