డకిష్ వేళ

రోడా కోటు జేబులోంచి రొట్టెముక్కను తీసి బల్ల మీద పెట్టింది.

"అమ్మా, నేను చిన్నపిల్లను కాను."

"సిన్నా పెద్దా కాదే. మెట్టెక్కేటప్పుడు జేబులో రొట్టి లేకపోతే ఆళ్లు తోలుకుపోతారు."

తీర్జా ఆ ముక్కను మళ్లీ కూతురి జేబులో కుక్కింది.

ఆళ్లు ఎవరో న్యూఫౌండ్లాండ్ దీవిలోని ఈ గన్నెట్ రేవులో ఎవరూ పేరు పెట్టి చెప్పరు. రొట్టె వాళ్లకి గిట్టదు. పొగమంచులో మనవాళ్ల గొంతుతోనే పిలుస్తారు. గొంతు పట్టుబడుతుంది గానీ, రేవు యాస మాత్రం వాళ్ల నోట పలకదంటారు. అందుకే మెట్ట మీద ఎవరు పిలిచినా, మన మాట వినిపించేదాకా బదులివ్వకూడదు.

తీర్జాకి వాళ్లమ్మ చెప్పింది. తీర్జా రోడాకి చెప్పింది.

రోడాకి ఇప్పుడు ఆ రేవు మాట రాదు.

టొరంటో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరిన కొత్తలో ఆమె నోరు తెరిస్తే చాలు, న్యూఫౌండ్లాండ్ చేపలబుట్ట వచ్చిందని పక్క సీట్లవాళ్లు ముక్కు మూసుకునేవారట. ఏళ్ల తరబడి ఒక్కో మాటనీ చిత్రిక పట్టుకుంది. ఇప్పుడు వంటింట్లో తల్లితో మాట్లాడినా చివర "వినిపిస్తోందా?" అంటుంది.

నిన్న హెడ్లీ మామ వలలు భుజాన వేసుకుని పోతూ కిటికీలోంచి తొంగి చూశాడు.

"ఏటి తీర్జా, రేడియో కొన్నావా? వార్తలు బాగా సదువుతంది!"

తీర్జాకి నవ్వు ఆగలేదు. రోడా లేచి తన గదిలోకి వెళ్లిపోయింది.

రేపటి పడవకి ఆమె ప్రయాణం. ఇక రానని చెప్పలేదు. గదిలోని వస్తువుల్లో ఏది ఎవరికి ఇచ్చెయ్యాలో మాత్రం చెప్పింది.

చివరి రోజు కదా అని ఇద్దరూ బేకాపిల్ పళ్లకి మెట్టెక్కారు. చిత్తడి నేల నిండా పసుపు బొట్లు పెట్టినట్టు పళ్లు. వంగి ఏరుకుంటూ ఏరుకుంటూ ఒకరికొకరు దూరమయ్యారు.

సముద్రం మీంచి పొగమంచు వచ్చింది. తీర్జా నడుం ఎత్తేసరికి, చేతిలోని రేకు డబ్బా ఆమెకే కనిపించలేదు.

"అమ్మా! నేను ఇక్కడ ఉన్నాను. వినిపిస్తోందా?"

ఎడమవైపు నుంచి. రోడా గొంతే. శుభ్రంగా, అక్షరం పొల్లుపోకుండా.

రోడా ఇలాగే మాట్లాడుతుంది. ఆళ్లు కూడా ఇలాగే మాట్లాడతారు.

"అమ్మా, నాకు దారి కనిపించడం లేదు. దయచేసి పలుకు."

కన్నతల్లితో ఎవరైనా 'దయచేసి' అంటారా? తీర్జా తన జేబులోని రొట్టెని పిడికిట్లో బిగించి, గొంతెత్తి అరిచింది.

"ఓలె గుంటా! నువ్వే అయితే మన మాటలో పలకవే! డకిష్ అయిపోతంది, బేగి రావే!"

పొద్దు గుంకాక చీకటి పడేలోపు ఉండే మసకని ఈ రేవులో డకిష్ అంటారు. చిన్నప్పుడు రోడా ఆ మాట అరుచుకుంటూనే ఇంటికి పరిగెత్తుకొచ్చేది.

ఎడమవైపు నుంచి చిన్న దగ్గు.

"డ..." అని ఆగిపోయింది. "నాకు రావడం లేదమ్మా."

అప్పుడు కుడివైపు నుంచి వినిపించింది.

"డకిష్ అయిపోతంది! బేగి వచ్చేత్తన్నానే అమ్మా!"

అదే సాగదీత, అదే విరుపు. రెండు జడలనాటి రోడా.

ఆమె కుడివైపు తిరిగింది.

మంచులోంచి ఒక చెయ్యి వచ్చి, రొట్టె లేని వైపు ఆమె చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. మెట్ట మీద ఎవరి చేతులైనా చల్లగానే ఉంటాయి.

"నీ రొట్టి ఏదే?"

"ఎక్కడో పడిపోనాది. పదవే, ఆకలేత్తంది."

దారంతా ఆ పిల్ల కబుర్లే. హెడ్లీ మామ కుంటి నడకని వెక్కిరించింది. చర్చిలో పాటకి ముందే గొంతెత్తే ముసలమ్మని వెక్కిరించింది. తీర్జా కడుపు పట్టుకుని నవ్వింది. పళ్ల డబ్బా ఎక్కడ వదిలేసిందో కూడా చూసుకోలేదు. బురద గుంటలు ఉన్నచోట ఆ పిల్ల చూసుకోకుండానే నడిచింది.

ఇంటి మెట్ల దగ్గర తీర్జా నెమ్మదిగా అంది. "రేపు పడవకి..."

"ఏ పడవే? నానెక్కడికీ ఎల్లను."

లోపల పొయ్యి వెచ్చగా ఉంది. పొద్దున కాల్చిన రొట్టె బల్ల మీద గుడ్డ కింద ఉంది.

ఆ పిల్ల గుమ్మంలో ఆగింది. తర్వాత గోడ వారగా నడిచి, బల్లకి దూరంగా, మూల పీట మీద కూర్చుంది. ముఖం మాత్రం రోడాదే.

"ఇలా దగ్గరికొచ్చి కూకోవే," అంది తీర్జా.

"ఇక్కడే బాగుందే అమ్మా."

అప్పుడు మెట్ట మీంచి, ఎంతో దూరం నుంచి, సన్నగా వినిపించింది.

"అమ్మా... వినిపిస్తోందా?"

తీర్జా చెయ్యి తలుపు మీద ఆగిపోయింది. బయట మంచు గుమ్మం దాకా వచ్చి ఉంది.

"తలుపేసీయే అమ్మా," అంది మూలనున్న పిల్ల. "డకిష్ అయిపోనాది."

ఆ మాట ఈ ఇంట్లో వినిపించి ఎన్నాళ్లయిందో.

తీర్జా తలుపు వేసింది.

బల్ల మీది రొట్టెని గుడ్డతో సహా తీసి అలమరలో పెట్టింది. తన జేబులోని ముక్కని కూడా తీసి దాని పక్కనే పెట్టి, గడియ వేసింది.